పాతదా, కొత్తదా?

ఆదివారం పొద్దున్నే పుణ్యవతి నూలు చీరలకు గంజి పెడుతోంది. రేపటి నుంచి మళ్ళీ ఆఫీసు. పాపకు పాలు మాన్పించింది. మనవరాలిని తాను చూసుకుంటానని అత్తగారు బాలాత్రిపురసుందరి తన నోటితోనే ఒప్పుకుంది. ఇంకేం కావాలి? మదీనాగూడలో బస్సెక్కి బాలానగర్‌లో ఫ్యాక్టరీ ముందు దిగడమే.

వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్న భీమేశ్వరరావుకు మాత్రం ఒక్క అక్షరమూ బుర్రకెక్కడం లేదు. భార్యకు ఒక సంగతి చెప్పాలి. చాన్నాళ్ళుగా మంచి సమయం కోసం చూస్తున్నాడు. తప్పు చేసినవాడికి మంచి సమయం ఎక్కడ దొరుకుతుంది?

మొగుడూ పెళ్ళాం ఇద్దరిదీ ఆ ఫ్యాక్టరీ కంప్యూటర్ గదే. పెళ్ళికి ముందు నుంచీ పక్కపక్క కుర్చీలు. డెబ్బైల నాటి ఆ యంత్రం గది సగం ఆక్రమించి ఉండేది గానీ, దానంతటది ఏమీ చేయలేదు. స్విచ్ వేయగానే దాన్ని నిద్రలేపి పని చేయించే సిస్టం ఒకటి డిస్కులో ఉండాలి. ఆ సిస్టంనీ, దాంతో నడిచే కార్మికుల హాజరు లెక్కలనూ పుణ్యవతే రాసింది. ఆమె కాన్పుకు వెళ్ళాక బొంబాయి నుంచి కొత్త సిస్టం వచ్చింది. పాతదాన్ని నడపడానికి మనిషి కావాలి కాబట్టి ఆమె ఉద్యోగానికి ఢోకా లేదన్నారు ఆఫీసరు సీతారామయ్యగారు. ఒకే డిస్కులో రెండింటినీ పెట్టే పని భీమేశ్వరరావుకు అప్పగించారు.

"రెండూ ఉంటాయి పుణ్యా. స్విచ్ వేయగానే పాతదా, కొత్తదా అని యంత్రమే అడుగుతుంది. నీది ఎక్కడికీ పోదు," అని అప్పుడు తనే చెప్పాడు. పాపను ఒళ్ళో పెట్టుకుని ఆమె ఎంత మురిసిపోయిందో!

గేటు ముందు సైకిల్ ఆగింది. వచ్చింది కంప్యూటర్ గదిలో పనిచేసే రాజయ్య. అతన్ని చూడగానే భీమేశ్వరరావు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నమస్తే సార్. పెద్దసారు సీతారామయ్యసారు ఆదివారం గూడ ఆఫీసుకొచ్చి పరేషాన్ అయితుండు. పోయినేడు సెలవుల లెక్క తియ్యాల్నంట. అది పాతదాంట్లనే ఉన్నదట," అన్నాడు రాజయ్య. పుణ్యవతి కనబడగానే అతని ముఖం విప్పారింది. "అమ్మా, మీరు రాసిందే గదా, జర మీరే చెప్పున్రి. మిషన్ పాతదా, కొత్తదా అని అడుగుతది. పాతది అని కొడితె ఉలుకది, పలుకది."

"డిస్కు తిరుగుతోందా రాజయ్యా?"

"తిరుగుతున్నదమ్మా. కొత్తదైతే మంచిగనే లేస్తున్నది."

పుణ్యవతి గంజి చేతులతోనే భర్త వైపు తిరిగింది. "ఏమండీ?"

"చోటు చాల్లేదు," అన్నాడు భీమేశ్వరరావు పేపరు మడుస్తూ. "కొత్తదానికి రోజురోజుకీ ఎక్కువ కావాల్సొస్తోంది. అందుకని..."

"అందుకని నాది చెరిపేశారా? మరి పాతదా అని అడగడమెందుకు?"

"ఆ ప్రశ్న తీసెయ్యడం మర్చిపోయాను."

"టేపు మీదికి నకలు ఎక్కించి పెట్టారు కదా?"

ఆయన మడిచిన పేపరునే మళ్ళీ మడిచాడు.

"పోనీ నేను రాసుకున్న కాగితాలు? బీరువా నిండా ఉండాలి."

"గది సర్దినప్పుడు... అవీ పోయాయి."

రాజయ్యకు సంగతి అర్థమైంది. "నేను మల్లొస్త సార్," అని సైకిల్ తిప్పుకున్నాడు. పాపను చంకనేసుకుని బయటికొచ్చిన అత్తగారు, "యంత్రంలో రాతలేగా, పోతే పోయాయిలే అమ్మాయ్. హాయిగా ఇంటి పట్టున ఉండు," అంది.

"అవి ఉంటేనే నా ఉద్యోగం అత్తయ్యా," అంది పుణ్యవతి.

ఇక దాచి లాభం లేదు. "పాతదాంతో ఇంకా అవసరముందా అని సీతారామయ్యగారు నన్నే అడిగారు పుణ్యా. టేపు మీదికి ఎక్కించి ఉండొచ్చు. పెద్ద పనేం కాదు. కానీ ఇంటికి రాగానే నువ్వు ఎదురొస్తుంటే, పాప నవ్వుతుంటే, ఇలాగే ఉండిపోతే బాగుండుననిపించింది. అవసరం లేదనేశాను."

"దేని అవసరం లేదన్నారు? సిస్టందా, నాదా?"

ఆమె కేకలేస్తే బాగుండేది. మెల్లగా అడిగింది. "రెండూ ఉంటాయన్నారు. ఉద్యోగమూ, సంసారమూ రెండూ ఉంటాయని పెళ్ళికి ముందు కూడా ఇలాగే అన్నారు."

భీమేశ్వరరావు చొక్కా తగిలించుకుని ఆఫీసుకు పరుగెత్తాడు. మధ్యాహ్నం వాడిపోయిన ముఖంతో తిరిగొచ్చాడు. పుణ్యవతి వంటింటి గడప మీద కూర్చుని ఉంది. చీరలు గంజిలోనే ఉన్నాయి.

"నా తప్పంతా సీతారామయ్యగారికి చెప్పేశాను. చెడామడా తిట్టారు. నువ్వు మళ్ళీ రాస్తానంటే ఉద్యోగం ఉంచుతామన్నారు. నేను సెలవు పెట్టాను. పాపను నేనూ అమ్మా చూసుకుంటాం."

"అందులో ఏముందో మీకు తెలుసా?"

తెలియదు. ఇన్నేళ్ళూ పక్క కుర్చీలో కూర్చుని ఒక్కసారీ అడగలేదు. సిగ్గుతో ఆయన తల వాలిపోయింది. "చెప్పు," అన్నాడు ఆమె పక్కనే నేల మీద కూర్చుంటూ.

"పనిలో ఉండగా ఒకతను పోయాడు. అయినా హాజరు కాగితంలో అతని పేరు పక్కన రోజూ 'రాలేదు' అని అచ్చవుతూనే ఉండేది. అతని భార్య భాగ్యమ్మ ఏదో సంతకానికి వచ్చి ఆ కాగితం చూసింది. 'రాలేదని రాసిన్రు, ఎట్లొస్తడమ్మా' అని నా దగ్గర ఏడ్చింది. ఆ రోజే కూర్చుని ఇంకెవరికీ అలా రాకుండా రాశాను. అర్ధరాత్రి తేదీ మారినా రాత్రి షిఫ్టు హాజరు రెండు తేదీల మధ్య నలిగిపోకుండా ఇంకోటి రాశాను. ముందు పాత తేదీ పక్కన పెట్టాలి, తర్వాత... తర్వాత..."

నుదురు రుద్దుకుంది. వేళ్ళతో గాలిలో ఏదో రాసింది.

"గుర్తు రావడం లేదండీ," అని పొద్దుటి నుంచి ఉగ్గబట్టుకున్నదంతా ఒక్కసారిగా ఏడ్చేసింది.

ఆ తర్వాతి ముక్క అందించడానికి భీమేశ్వరరావు దగ్గర ఏమీ లేదు. ఆమె చెయ్యి పట్టుకుని, "మళ్ళీ మొదటి నుంచి చెప్పు పుణ్యా, వింటాను," అన్నాడు.

పుణ్యవతి కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగిపోయింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.