బెల్లం అయిపోలేదు

ఉష బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. మరాఠీ ఊళ్ళోని భవాని పేట్‌లో వాడంతా టకటకలాడుతుంటే వాళ్ళ గది ఒక్కటే మూగగా ఉంది.

నాయిన సిద్ధరాములు మగ్గం వెనక ఒంటరిగా కూర్చుని పోగులు అతుకుతున్నాడు. పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతే దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే కలపాలి. వేళ్ళకు బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. అలాంటివి రెండు వేల పోగులు! అందుకే వాడలోని పిల్లలు వచ్చి పోగులు అందిస్తారు. పని కాగానే ఆ ఇంటివాళ్ళు గుప్పెడు పల్లీలు, బెల్లం ముక్క పెడతారు.

ఇవాళ ఒక్కరూ రాలేదు.

"పిలువలేదా అవ్వా?" అంది ఉష.

"ఇంటింటికి తిరిగిన. ఒగరికి బడి అభ్యాస్ రాసుకునేది ఉందట, ఒగరికి కడుపు నొస్తదట," అంది తల్లి గోదావరి. "శనివారం లోపట చీరెలు నేసియ్యకుంటే సేట్ మల్ల నూలు ఇయ్యడు."

ఎందుకు రాలేదో ఉషకు తెలుసు. పోయినసారి పల్లీలు, బెల్లం పంచమని అవ్వ గిన్నె చేతికిచ్చి నీళ్ళకు వెళ్ళింది. పని ఎలాగూ అయిపోయింది కదా, ఇక పెడితే ఎంత, పెట్టకపోతే ఎంత అనుకుంది ఉష. "బెల్లం అయిపోయింది, పోండ్రి" అని పక్కింటి సరోజను, మిగతా పిల్లలను వట్టి చేతులతో పంపేసింది. తర్వాత మెట్ల కింద కూర్చుని అంతా తానే తిన్నది. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు! మళ్ళీ ఏరు వస్తుందని ఆ పిల్లకు తట్టనేలేదు.

ఉష సంచి పక్కన పడేసి నాయిన ఎదురుగా కూర్చుంది. పోగులు అందించింది. నిజం చెబుదామంటే నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది.

ఇద్దరి చేతులతో ఆ పని శుక్రవారం దాకా సాగింది. శనివారానికి చీరలు కాలేదు. సేట్ అన్నంత పనీ చేశాడు, నూలు ఆపేశాడు. ఉన్న పడుగు అయిపోగానే నాయిన ఎవరిదో కార్ఖానాలో కూలికి కుదిరాడు. మగ్గం మీద గుడ్డ కప్పారు. దానివైపు చూస్తే చాలు, ఉషకు ఏడుపొచ్చేది.

ఒక ఆదివారం సరోజ వాళ్ళింట్లో అతుకుడు మొదలైంది. ఉష వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"నిన్నెవరు పిలిచిండ్రు?" అంది సరోజ.

"ఎవ్వరు పిలువలె. నేనే వచ్చిన."

సాయంత్రం దాకా ఉష తలెత్తకుండా పోగులు అందించింది. పనయ్యాక సరోజ తల్లి గంగుబాయి అందరికీ పెట్టింది. ఉషకూ అందరితో సమానంగా పెట్టబోయింది. ఉష చేయి వెనక్కి తీసుకుంది.

"నకో కాకూ, నాకొద్దు. ఆ దినం మా ఇంట్ల బెల్లం అయిపోలె. నేనే తిన్న."

పిల్లల నోళ్ళు ఆగిపోయాయి. గంగుబాయి బెల్లం ముక్కను, పల్లీలను మళ్ళీ ఉష ముందుకు చాపింది.

"ఇయ్యాల పని చేసినవు. చేసినదానికి పెడుతున్న. పట్టు," అంది.

ఉష తీసుకుంది. ముక్కను చిన్న చిన్నగా చిదిపి, పల్లీలతో కలిపి పిల్లలందరి చేతుల్లో పెట్టింది. చివరికి తనకేమీ మిగల్లేదు.

సరోజ నవ్వలేదు. తన వంతు నోట్లో వేసుకుని నమిలింది.

"మంగళవారం నర్సప్ప కాక ఇంట్ల అతుకుడు ఉంది," అంది. "వస్తే రా."