నవ్వొస్తేనే నవ్వుతాను

హోయ్‌కీ నాతో అన్న మొదటి మాట తిట్టు. అది తిట్టని నాకు తెలియలేదు. మెచ్చుకుంటోందనుకుని ఇంకా గట్టిగా పాడాను.

హంగ్‌హామ్ స్టేడియంలో కచేరీ అది. నాలుగు వైపులకీ తెరిచిన స్టేజీ, చుట్టూ మెట్లుమెట్లుగా పైకి లేచిన జనం. నాది కప్పుకి దగ్గరగా ఉండే చవక సీటు. కొండెక్కి కూర్చున్నాం అంటారిక్కడ. కింద చీమంత కనిపిస్తోంది గాయని. ఉత్తరాన మా ఊరు షెన్‌యాంగ్‌లో మా అమ్మ పిండి పిసుకుతూ వినే క్యాసెట్లన్నీ ఆవిడవే. ప్రతి పాటా నాకు పొల్లుపోకుండా వచ్చు.

పక్క సీటమ్మాయి చేతిలోని లైటుకర్రతో నా భుజం మీద పొడిచి ఏదో అంది. నవ్వి తలూపాను. మళ్ళీ పొడిచింది. మళ్ళీ నవ్వాను.

బయటికొచ్చేసరికి జోరున వాన. గొడుగు లేక చూరు కింద ఆగాను. ఆమె నేరుగా నా ముందుకొచ్చి గడగడా ఏదో దులిపేసింది.

"ఏమనుకోకండి, నాకు కాంటనీస్ రాదు," అన్నాను మా ఉత్తరాది మాండరిన్‌లో.

ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. వెంటనే మాండరిన్‌లోకి దిగింది. "వేషాలా? ఇంతసేపూ మా భాషలో నా చెవులు చిల్లులు పడేలా పాడారు కదా."

"పాటలొచ్చు. భాష రాదు."

"ఆఖరి పాటకి ఏడిచారు కూడాను. ఏ ముక్కా అర్థం కాకుండానే?"

"ఏడవడానికి అర్థం ఎందుకండీ?"

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి పకపకా నవ్వేసింది. "నేనేమన్నానో తెలుసా? మీ పాట వినాలంటే మీ టికెట్టే కొనేదాన్నిగా అన్నాను. మీరేమో థాంక్స్ చెప్పినట్టు తలూపారు."

స్టేషన్ దాకా ఆమె గొడుగులో నడిచాను. సగం తడిశాను. ఆ సగం తడిసినందుకు దేవుడి మీద కోపం రాలేదు, గొడుగు చిన్నదైనందుకు మాత్రం దణ్ణం పెట్టుకున్నాను.

అక్కణ్ణుంచి అన్నీ సాఫీగా సాగాయి. వాళ్ళ నాన్నని కలిసేదాకా.

ఫుంగ్ అంకుల్ మినీబస్సు డ్రైవరు. హోయ్‌కీ పుట్టిన ఇన్నేళ్ళకీ ఆ తండ్రీకూతుళ్ళు మామూలుగా మాట్లాడుకోవడం ఎవరూ చూడలేదట. ఒకటే వేళాకోళాలు, ఎదురు పంచ్‌లు. నూడుల్స్ కొట్లో ముగ్గురం కూర్చున్నాం. ఆయనేదో అన్నాడు, ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. మర్యాదకి నేనూ నవ్వాను.

ఆయన చెంచా కింద పెట్టాడు. "దేనికి నవ్వావు?"

ఆ మాత్రం నాకు అర్థమైంది. జోకే అర్థం కాలేదు.

ఆయన కూతురి వైపు తిరిగి మెల్లగా మాట్లాడాడు. తర్వాత ఆమె అదంతా నాకు చెప్పింది. చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు.

"పిల్లాడు మంచివాడేనన్నారు. కానీ ఏమన్నారంటే... 'మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో నవ్వుతూ బతికాం. ఇతన్ని చేసుకుంటే నువ్వేమో జీవితాంతం జోకు చెప్పడం, కూర్చుని దానికి అర్థం చెప్పడం. ఎన్నాళ్ళు చెప్తావమ్మా? ఒకరోజు విసుగొస్తుంది. ఆ రోజునుంచి ఇంట్లో జోకులుండవు' అన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? నాకూ భయమేసింది," అంది హోయ్‌కీ.

ఆయన వద్దంటే ఒప్పించుకోవచ్చు. ఈమెకే భయమేస్తే నేనెవరితో పోట్లాడను?

"వసంతంలో లాయ్ హుంగ్ షో ఉంది," అందామె. "హంగ్‌హామ్‌లోనే. నాన్న ఒక్కటి కూడా వదలరు. నీకూ టికెట్ తీశారు. పక్కన కూర్చోబెట్టుకుని చూస్తారట."

"జోకుల షోనా?"

"ఒక్కడే నిలబడి ఆపకుండా మాట్లాడతాడు. పాటలుండవు నీకు తోడు." అని, నా చెయ్యి పట్టుకుంది. "భయపడకు. నేను మోచేత్తో పొడుస్తాను. పొడిచినప్పుడల్లా నవ్వు."

"పొడవొద్దు. నేర్చుకుంటాను."

"మూడు నెలల్లోనా? రెన్, నీకు టీ చెప్పడమే రాదు."

"చూస్తూండు," అన్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని మా అమ్మ ఊరికే అనదు.

ఆ చలికాలమంతా నేను మనిషిలా బతకలేదు. ఆఫీసుకి రైల్లో వెళ్ళడం మానేసి మినీబస్సెక్కాను. అందులో స్టాపు వచ్చేముందు గట్టిగా అరిచి చెప్పాలి, లేకపోతే బస్సు ఆగదు. నేను అరిస్తే వెనకున్నవాళ్ళు నవ్వేవారు, ముందున్న డ్రైవరు ఆపేవాడు కాదు. రెండు స్టాపుల అవతల దిగి వెనక్కి నడిచేవాణ్ణి. మర్నాడు ఇంకా గట్టిగా అరిచేవాణ్ణి. ఆకుకూరల ముసలమ్మ నాతో బేరమాడటానికి సరదాపడేది. నేను నోరు తెరిస్తే పక్క కొట్లవాళ్ళని కూడా పిలిచేది. నవ్వుకోనీ అనుకున్నాను. నవ్విన నాపచేనే పండుతుంది.

షో రోజు వచ్చింది. అదే స్టేడియం, అదే నాలుగు వైపుల స్టేజీ. ఈసారి కొండ మీద కాదు, మూడో వరస. నేను కూర్చోగానే ఫుంగ్ అంకుల్ వచ్చి మా ఇద్దరికీ మధ్యలో చతికిలబడ్డాడు. హోయ్‌కీ మోచెయ్యి ఆయనకే తగులుతుంది ఇక.

"బాగా వినపడుతోందా?" అన్నాడాయన నా వైపు చూడకుండా.

"వినపడుతోందంకుల్."

లాయ్ హుంగ్ వచ్చాడు. నల్లకోటు, చేతిలో మైకు, ఒక్కడే. నోరు తెరిచాడంతే, మాట వెనక మాట, తూటాల్లా. స్టేడియం గొల్లుమంది. నాకు ముక్కలు దొరుకుతున్నాయి. 'భార్య' దొరికింది. 'లిఫ్టు' దొరికింది. మధ్యలో ఏం జరిగిందో దొరకలేదు.

మళ్ళీ గొల్లుమంది. అంకుల్ నవ్వుతూనే ఓరకంటితో నన్ను చూస్తున్నాడు. అవతలినుంచి హోయ్‌కీ ముందుకు వంగి కళ్ళతో సైగ చేస్తోంది. నవ్వు, నవ్వేయ్. పెదాలు కదిపితే చాలు. ఇంతమందిలో నా నవ్వు నిజమో అబద్ధమో ఎవరు పట్టుకుంటారు?

ఆ ఒక్క నవ్వు ఇవాళ నవ్వితే రేపు నూడుల్స్ కొట్లోనూ నవ్వాలి. పెళ్ళిలో నవ్వాలి. ఆమె నాతో చెప్పే ప్రతి జోకుకీ నవ్వాలి. ఆమెకి ఎప్పుడో ఒకప్పుడు తెలిసిపోతుంది. పళ్ళు బిగించి కూర్చున్నాను.

మా వైపు తిరిగిన లాయ్ హుంగ్ ఆగాడు.

"ఏం బాబూ, మూడో వరస. ఎవరైనా పోయారా?"

పెద్ద తెరల మీద నా ముఖం పడింది. హోయ్‌కీ రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. అతను స్టేజీ అంచుకొచ్చి మైకు నా వైపు వంచాడు. నేను లేచి నిలబడ్డాను. గొంతు మినీబస్సులో బాగానే తయారైంది.

"ఎవరూ పోలేదండీ. మీరు స్పీడుగా మాట్లాడుతున్నారు. నేను కాంటనీస్ ఈమధ్యే నేర్చుకున్నాను. అర్థమైతేనే నవ్వుదామని కూర్చున్నాను."

"ఓహో. ఇప్పటిదాకా ఎన్నిటికి నవ్వావు?"

"ఇంకా మొదలుపెట్టలేదు."

జనం ఈలలేశారు. అతను గుండె పట్టుకున్నాడు. "అర్థం కాకా, అర్థమై బాగోలేకా?"

"రెండూ ఉన్నాయండీ."

స్టేడియం కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. లాయ్ హుంగ్ కూడా వంగి మోకాళ్ళు పట్టుకుని నవ్వాడు. "మరెందుకొచ్చావయ్యా ఇక్కడికి?"

"నా పక్కనున్న అంకుల్ నన్ను చూడ్డానికొచ్చారు. అంకుల్ పక్కనున్న అమ్మాయి కోసం నేనొచ్చాను."

ఒక్కసారిగా లేచిన గోలకి నా చెవులు దిమ్మెక్కాయి. లాయ్ హుంగ్ వంగి అంకుల్‌ని చూశాడు. "ఏం పెద్దాయనా, పిల్లాడికి పరీక్షా?"

అంకుల్ గడ్డం పైకెత్తి తలూపాడు.

"ప్రశ్నపత్రం నేనా? ముందే చెప్పాలి కదా, సులువుగా రాసుకొచ్చేవాణ్ణి." అతను స్టేజీ అంచున కూర్చున్నాడు. వెనక మూడు వైపులవాళ్ళూ కేకలేస్తున్నా తిరగలేదు. "విను. నెమ్మదిగా చెప్తాను. మా ఇల్లు చిన్నది. నాకూ మా ఆవిడకీ గొడవైంది. అలిగి పక్కగదిలోకి పోదామనుకున్నాను. పక్కగది లేదు. పోనీ, వీపు తిప్పి కూర్చుందామనుకున్నాను. తిప్పితే నా మోకాలు మా అత్తగారికి తగిలింది. అయ్యో, తప్పైపోయింది అన్నాను. మా ఆవిడ తనకే చెప్పాననుకుని క్షమించేసింది."

ప్రతి మాటా దొరికింది. మాటలొక్కటే కాదు, నా అద్దెగది కళ్ళముందు కనపడింది. అందులో ముగ్గురు కుర్రాళ్ళం ఉంటాం. ఒకడు బూటు లేసు కట్టుకోవాలంటే మిగతా ఇద్దరం మంచమెక్కాలి. తెలీకుండానే ఈ ఊరివాణ్ణయిపోయాను కాబోలు, కడుపులోంచి తన్నుకొచ్చింది నవ్వు. మా ఉత్తరాది బొంగురు నవ్వు, పెద్దది, ఆపడం నా వల్ల కాలేదు. కళ్ళు తుడుచుకుంటూ సీట్లో కూలబడ్డాను. పక్కన అంకుల్ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. జోకుకి కాదు, నన్ను చూసి.

షో అయ్యాక స్టేషన్ వంతెన మీద ఆయన ముందు నడిచాడు. మేమిద్దరం వెనక.

"నవ్వెయ్యమంటే నవ్వవేం? నా ప్రాణం పోయింది తెలుసా," అంది మాండరిన్‌లో హోయ్‌కీ. గొంతులో కోపముంది, నా వేళ్ళు మాత్రం వదల్లేదు.

"నీ దగ్గర దొంగనవ్వు నవ్వలేను. ఇంకా సగమే వచ్చు నాకు. మిగతా సగం నీ దగ్గరే నేర్చుకుంటాను, ఎన్నేళ్ళయినా. నీకు విసుగొస్తే మినీబస్సు డ్రైవర్ల దగ్గర నేర్చుకుంటాను. మానను."

"విసుగొస్తుందని ఎవరన్నారు?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకిప్పుడు భయం లేదు."

అంకుల్ వెనక్కి తిరగకుండానే అన్నాడు. "ఏంటోయ్ గొణుగుడు? ఈసారి నాకు అర్థం కావట్లేదు."

నేను ఆగాను. వంతెన మీద జనం మమ్మల్ని రాసుకుంటూ పోతున్నారు. స్టాపు దాటిపోకముందే అరిచినట్టు కాంటనీస్‌లో అరిచాను.

"మీ అమ్మాయిని ప్రేమిస్తున్నానంకుల్. పెళ్ళి చేసుకుంటాను."

పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆయన మెల్లగా తిరిగాడు. నన్ను చూశాడు, కూతుర్ని చూశాడు, మా చేతుల్ని చూశాడు.

"ఒక్క తప్పు లేకుండా చెప్పాడే," అన్నాడు కూతురితో. తర్వాత నాకేసి వేలు చూపించాడు. "ఆదివారం భోజనానికి రా. తొందరగా రా, ఈ పిల్ల బాతుకాళ్ళు రెండూ తనే తినేస్తుంది."

నవ్వాను. అర్థమయ్యే నవ్వాను.