శాంపిల్ నంబర్ పదిహేడు

"మూడింటికి మీ అక్క విమానం ఎక్కుతుంది. ఎక్కిందా, మన రహస్య కోడ్‌లన్నీ శత్రువు చేతికి పోయినట్టే," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ గడియారం చూసుకున్నాడు. ఆ కోడ్‌లన్నీ అల్లింది అక్కే. ఆమె మెడలో గడ్డ. సూదితో తీసిన కణాలను మైక్రోస్కోపులో ఎంత చూసినా అదేమిటో తేలలేదు. అంత అరుదైన ట్యూమర్. ఇక జీన్ టెస్టే దిక్కు. ఈలోగా ఎవరో విదేశీ నిపుణుడు, ప్రాణాంతకమని తేలితే తానే బతికిస్తానంటూ టికెట్ పంపాడు. రిపోర్టు కోసం ఎదురుచూస్తూ అక్క ఎయిర్‌పోర్టులో కూర్చుంది.

"ఫోన్ చేసి ఆపలేమా?"

"రుజువు లేకుండా మీ అక్క ఎవరి మాటైనా వింటుందా? ఆ నిపుణుడు శత్రువు మనిషే. వాడి వాళ్లు ల్యాబ్‌లో శాంపిల్ మారుస్తారని నా అనుమానం. బయల్దేరు."

రెండుంపావుకి టెక్నీషియన్ వేషంలో డేగ ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. వెనక తలుపు క్లిక్‌మంది.

"రండి డేగగారూ! నా కార్డు లేకుండా అది తెరుచుకోదు."

ల్యాబ్ డాక్టరమ్మ. ఎర్ర లిప్‌స్టిక్, తెల్ల కోటు, చేతిలో పిస్టల్. ఆరేళ్లుగా డిపార్టుమెంటు నమ్మిన మనిషి.

డేగ బూటు మడమలోని ట్రాన్స్‌మీటర్ నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు.

"జామర్ పెట్టాను. శ్రమపడకండి," అందామె. "మీ అక్క పేరున్న పదిహేడో నంబర్ ట్యూబులో ఇప్పుడు మా పేషెంట్ కణాలున్నాయి. మందు లేని రకం. రిపోర్టు దానంతటదే మీ అక్క డాక్టర్‌కి వెళ్తుంది. వెళ్లమని ఆయనే చెప్తాడు."

కిటికీ కూడా లేని గది. రెండున్నర. రెండు నలభై. జీన్ టెస్టు మెషిన్ జుయ్‌మంటూనే ఉంది. అక్కను కాపాడలేకపోతున్నానని డేగకు ఏడుపొచ్చింది.

రెండు నలభై ఎనిమిదికి బీప్ వినిపించింది. రిపోర్టు వెళ్లిపోయింది. డేగ బిక్కచచ్చి స్క్రీన్ వంక చూశాడు. చివరి లైను చదివి పకపకా నవ్వాడు.

"పిచ్చెక్కిందా?"

"మీ పేషెంట్ మగాడా?"

"అవును. అయితే?"

"వై క్రోమోజోమ్ కనబడిందట. మా అక్కకి అదెక్కణ్ణుంచి వస్తుంది తల్లీ?"

ఆమె ముఖం పాలిపోయింది. మైక్రోస్కోపును ఏమార్చవచ్చు గానీ జీన్ టెస్టు దగ్గర ఆ పప్పులుడకవు. ఆమె తేరుకునేలోగా పిస్టల్ డేగ చేతిలో ఉంది.

విమానం ఎక్కే గేటు దగ్గర లైన్లో ఉండగా అక్క ఫోన్ మోగింది.

"ఎక్కకండమ్మా! ఇది మీ రిపోర్టు కాదు, ఎవరో మగవాడిది!" అరిచాడు డాక్టర్.

మళ్లీ తీసిన శాంపిల్‌లో అసలు సంగతి తేలింది. అరుదైనదే, కానీ ఆపరేషన్‌తో పోయే గడ్డ. ఆస్పత్రిలో అక్క చెయ్యి పట్టుకుని డేగ వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఊరుకోరా," అంది అక్క. "నాన్న పోయినప్పట్నుంచీ ఈ ఇంటికి మగదిక్కు నేనేనని మొత్తుకుంటూనే ఉన్నా. రిపోర్టొస్తే గానీ నమ్మలేదు కదూ!"