బ్యానరు రెండో కొస

"ఒక్క నిమిషం ఇది పట్టుకోండి," అంటూ ఆమె అతని చేతిలో వెదురు కర్ర పెట్టేసింది.

అతను బస్టాపులో నిలబడి ఉన్నాడు. బస్సులు రావడం లేదు. ఆ సాయంత్రం ప్రపంచ క్రీడల ప్రారంభోత్సవం. స్టేడియం చుట్టుపక్కల దారులన్నీ మూసేశారు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, జేబులో టికెట్టు పెట్టుకుని బయల్దేరాడు. రోడ్ల మీద తెల్లగీతలు వేసే పనివాడికి అలాంటి టికెట్టు దొరకడం మాటలా? దేశదేశాల ఆటగాళ్ళు జెండాలెత్తి నడిచి వస్తుంటే కళ్ళారా చూడాలని చిన్నప్పటినుంచీ కలగన్నాడు.

ఆమె వంగి బూటు లేసు కట్టుకుంది. లేచింది. కర్ర వెనక్కి తీసుకుంటుందని చెయ్యి చాపాడు. ఆమె రెండో కర్ర అందుకుని, "పదండి!" అని కేకేసింది. వెనకున్న జనమంతా కదిలారు. రెండు కర్రల మధ్య ఒక దుప్పటి, దుప్పటి మీద ఎర్రటి అక్షరాలు: మా గ్రౌండ్ మాకివ్వండి.

వదిలేస్తే దుప్పటి బురదలో పడుతుంది. నడిచాడు.

ఆ రోజుల్లో ఊరేగింపంటే అంతే. జేబుల్లో ఫోన్లు లేవు. గొంతు, గుడ్డ, కర్ర ఉంటే చాలు. కర్ర చేతికొచ్చినవాడు మనవాడే. ఎవరు నువ్వని ఎవరూ అడిగేవారు కాదు.

"కొంచెం దించండి! అక్షరాలన్నీ జారి నా నెత్తిన పడుతున్నాయి!"

"మీరే కాస్త ఎత్తండి."

"ఇంతకంటే ఎత్తాలంటే నిచ్చెన తేవాలి. మీరు స్తంభంలా ఎదిగితే నా తప్పా?"

"వంగి నడిస్తే నా నడుం పోతుందండీ."

"పోతే మా అమ్మమ్మ సరిచేస్తుంది. నడవండి!"

అమ్మమ్మ పక్కనే ఉంది. మోకాళ్ళ నొప్పులంటూనే అందరికంటే ముందు నడుస్తోంది. "అబ్బాయ్, నా చేతిలో నడుం పడితే మళ్ళీ లేవవు, జాగ్రత్త," అంది. వెనక పిల్లలు పకపకా నవ్వారు. వాళ్ళంతా అమ్మమ్మ మనవరాలి దగ్గర పరుగు నేర్చుకునే అమ్మాయిలు. ఆ మనవరాలు బళ్ళో పీటీ టీచరు.

"ఇంతకీ ఏ గ్రౌండండీ?" అన్నాడు అతను.

"బాగుంది! ఏ గ్రౌండో తెలీకుండానే వచ్చారా? బడి వెనకది. అతిథుల కార్లు పెట్టుకోడానికి తారు పోశారుగా."

అతని చెయ్యి జేబు మీదికి పోయింది.

పరుగుపందేల పండగ చెయ్యడం కోసం పరుగెత్తే పిల్లల్ని బయటికి తోసి కార్లు నిలబెట్టారు. దీనికి వేరే మాటలు వెతకడం దండగ. అది దొంగతనం. ఆ తారు మీద ఒక్కో కారుకీ ఒక్కో గడి చొప్పున తెల్లగీతలు గీసింది మాత్రం అతనే. శుభ్రంగా గీశావని మెచ్చుకుని కాంట్రాక్టరు ఇచ్చిన టికెట్టే అతని జేబులో ఉంది.

చెప్పేద్దామనుకున్నాడు. అటువైపు చూశాడు. గాలికి దుప్పటి ఉబ్బినప్పుడల్లా ఆమె ముఖం దాక్కుంటోంది, తగ్గినప్పుడల్లా కనిపిస్తోంది. నినాదం ఇస్తూనే ఒకసారి ఇటు చూసి, 'నోరు తెరవవేం?' అన్నట్టు కనుబొమ్మలెగరేసింది. చెప్పలేదు. నోరు తెరిచి, "మాకివ్వండి!" అని అరిచాడు. గొంతు చీలింది. పిల్లలు మళ్ళీ నవ్వారు.

స్టేడియం గేటు కనబడే మలుపులో పోలీసులు ఆపారు. అప్పుడే వాన మొదలైంది. మొదట నాలుగు చినుకులు పడి, ఎవరూ కదలరని తెలిసి కోపమొచ్చినట్టు కుమ్మేసింది.

"జేబురుమాలుందా? కళ్ళల్లోకి రంగు కారుతోంది," అంది ఆమె.

రుమాలు లాగాడు. దాంతోపాటు టికెట్టు కిందపడింది. ఆమె తీసి చూసింది.

"ఓహో! అయ్యగారు లోపలికెళ్ళే మనిషా? మఫ్టీ పోలీసా?"

"కాదండీ! బస్సు కోసం నిలబడ్డాను."

"మరి ఇంతసేపు ఇదెందుకు మోశారు?"

"మీరేగా ఒక్క నిమిషమన్నారు. ఇంకా అవలేదేమో అనుకున్నాను."

ఆమెకి నవ్వాగలేదు. ఆ వానలో, ఎర్రరంగు చారలు పడ్డ ముఖంతో నవ్వింది. అతనికి ప్రారంభోత్సవం అక్కడే అయిపోయినట్టనిపించింది.

"ఇంత ఖరీదైన టికెట్టు నీకెవరిచ్చారు బాబూ?" అంది అమ్మమ్మ.

కొన్నానంటే సరిపోయేది. ఆ నవ్వుకి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"మీ గ్రౌండులో గీతలు వేసింది నేనే. అందుకిచ్చారు."

నవ్వు ఆగిపోయింది. ఆమె టికెట్టు అతని జేబులో కుక్కి, కర్ర లాక్కుంది.

"వెళ్ళు. నీ పండగ మొదలవుతోంది."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. అతను గేటుదాకా వెళ్ళాడు. లోపల డ్రమ్ములు మోగాయి. జనం హోరెత్తారు. గేటు మనిషి టికెట్టు కోసం చెయ్యి చాపాడు. అతను వెనక్కి చూశాడు. రెండు కర్రలూ ఆమే పట్టుకుని నిలబడింది. దుప్పటి మడతపడి అక్షరాలు ఒక్కటీ కనబడటం లేదు.

వెనక్కొచ్చాడు. ఏమీ అనకుండా ఒక కర్ర అందుకుని దూరం జరిగాడు. దుప్పటి సాగింది.

"చూడాలని లేదా?" అంది ఆమె, ఎటో చూస్తూ.

"చాలా ఉంది."

అంతే. వాన వెలిసేదాకా ఇద్దరూ ఆ దుప్పటి దించలేదు.

క్రీడలు ముగిశాయి. అతిథులు వెళ్ళిపోయారు. గ్రౌండులో తారు మిగిలింది, దాని గేటుకి తాళం మిగిలింది. ఒక ఆదివారం పొద్దున ఆమె అటుగా వస్తే తాళం ఊడదీసి ఉంది. లోపల తాడు, మేకు, రంగు డబ్బాతో అతను. కార్ల గడులన్నీ నల్లరంగుతో చెరిపేసి, వంపులు తిరిగే పరుగు గీతలు వేశాడు. ఎక్కడా వంకర లేదు.

ఆమె చుట్టూ ఒకసారి నడిచింది. ఆగింది. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది.

"ఏమైందండీ?"

"అందర్నీ ఒకే గీత మీద నిలబెట్టావు! వంపులో బయటి పిల్ల ఎంత ఎక్కువ తిరగాలో తెలుసా? ఇది కార్ల కొలత. కార్లు కదలవు, పిల్లలు కదులుతారు!"

అతని ముఖం పాలిపోయింది. ఆమె సుద్దముక్క తీసుకుని, ఒక్కో బాటలో కొంచెం కొంచెం ముందుకి జరుగుతూ గుర్తులు పెట్టింది. అతను వెనకే బ్రష్షుతో వెళ్ళాడు.

"బయట ఉన్నవాళ్ళు ముందుకి నిలబడితేనే సమానం," అంది. "చూసేవాళ్ళకి అన్యాయంలా కనిపిస్తుంది. కాదు."

"నేను మీ పక్కన నిలబడాలంటే ఎక్కడ నిలబడాలండీ?"

సుద్దముక్క ఆగింది.

"అడగడానికి ఇన్ని గీతలు గీయాలా? రోడ్డు మీద అడిగితే సరిపోయేదిగా?"

"రోడ్డు మీద మీరు కర్ర లాక్కున్నారు."

ఆమె ముఖం తిప్పుకుంది. మెడ మాత్రం ఎర్రబడింది.

కార్పొరేషన్ వాళ్ళొచ్చారు, అరిచారు. పిల్లలు పరుగెత్తుతూనే ఉన్నారు. తారు మీద పరుగెత్తితే మోకాళ్ళు పోతాయని ఆమె, మట్టి కావాలని వీధి వీధంతా, రెండేళ్ళు పోరాడారు. చివరికి తారు తవ్వించారు. అతను గీసిన గీతల్లో అంతకంటే అందమైనవి లేవు. వాటి మీద మొదటి గడ్డపార వేసింది అతనే.

ఆ పూట కొత్త మట్టి వాసనలో ఇద్దరూ అమ్మమ్మ ముందు నిలబడి నీళ్ళు నమిలారు. ఎవరు ముందు చెప్పాలో తేలలేదు. నువ్వంటే నువ్వని మోచేతులతో పొడుచుకుంటున్నారు.

అమ్మమ్మ కుర్చీలోంచి లేచి, ఒక చెయ్యి అతని భుజం మీద, ఒక చెయ్యి ఆమె భుజం మీద వేసింది.

"రెండేళ్ళ నుంచీ చూస్తూనే ఉన్నాను. నా మోకాళ్ళకే జబ్బు గానీ కళ్ళకి కాదు. చేసుకోండి," అంది. "ముందు నన్ను ఇంటికి తీసుకెళ్ళండి, ఎండెక్కుతోంది."