పదమూడో కెంపు

పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని అక్క పని బల్ల ముందు కూర్చునేసరికి, చెల్లి గీసిన హారం బొమ్మ అక్కడ సిద్ధంగా ఉంది. యువరాణి పెళ్ళికి రాజమందిరం చేయించుకుంటున్న హారం అది. ఇరవై రెండేళ్ళుగా ఆ బల్ల దగ్గర రాళ్ళు పొదుగుతున్నది అక్క. నాన్న పిలిచి బొమ్మ గీయమన్నది మాత్రం మొన్న మొన్న చదువు ముగించుకొచ్చిన చెల్లిని. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ వాడి ఎంతో నెల రోజులుగా అక్కకి తెలుస్తూనే ఉంది.

ఆమె బొమ్మలో కెంపులు లెక్కపెట్టింది. ఎడమ వైపు పదమూడు. కుడి వైపూ పదమూడే.

ఆ ఇంటి పిల్లలకి అక్షరాల కన్నా ముందు వచ్చే లెక్క ఒకటుంది. ముత్తాత కాలంలో మహారాణి గుర్రం మీద నుంచి పడితే ఆవిడ కుడి భుజం కాస్త కిందికి దిగిపోయింది. పతకం పక్కకి జారకుండా ముత్తాత కుడి వైపు ఒక కెంపు తగ్గించాడు. అది చూసి ఊళ్ళో ఆడవాళ్ళందరూ, నిక్షేపంలాంటి భుజాలు పెట్టుకుని, ఒక కెంపు తక్కువ హారాలే చేయించుకున్నారు. పతకం ఓ పక్కకి ఒరిగితే రాచఠీవి అని మురిసిపోయారు. అప్పటి నుంచి రాజమందిరానికి వెళ్ళే ప్రతి హారానికీ పన్నెండు, పదమూడే లెక్క.

చెల్లి తప్పు గీసింది. చెప్పాలని మాట నోటిదాకా వచ్చినా అక్క మింగేసింది. 'పోనీ, నలుగురిలో తల దించుకుంటే తెలిసొస్తుంది' అనుకుంది. పది రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడకుండా, బొమ్మలో ఉన్నది ఉన్నట్టు పొదిగింది.

హారం పంపాల్సిన రోజు నాన్న దాన్ని పెట్టెలో పెట్టి, చెల్లి తల నిమిరాడు. అక్క అది చూడలేకపోయింది.

"హారమిచ్చి చెల్లినే పంపు నాన్నా. ఇంటి పరువు తీసొచ్చేదీ అదే."

"అదేం మాటే పెద్దదానా?"

"రెండు వైపులా పదమూడు పెట్టింది. నేను మొదటి రోజే చూశా. కావాలనే ఊరుకున్నా. కళ్ళు అరగదీసుకున్నది నేను, బొమ్మ గీసేది అదా? పెరటి చెట్టు మందుకు పనికిరాదనేగా."

చెల్లి మెల్లగా అంది. "తప్పు కాదక్కా. కొలతలు తీసుకుని, నాన్నకి చెప్పే గీశా. యువరాణిగారి భుజాలు రెండూ సమానంగా ఉన్నాయి. నీకూ చెబుదామంటే నువ్వు నా మొహమే చూడలేదు."

తన సంచిలోంచి ఇంకో కాగితం తీసి బల్ల మీద పరిచింది. అదీ హారమే. ఎడమ వైపు పదమూడు, కుడి వైపు పన్నెండు.

"ఇది ఎవరికి?" అంది అక్క.

"నీకు. బల్ల మీద వంగి వంగి నీ కుడి భుజం దిగిపోయింది. నీ వెనక కూర్చుని రోజూ చూస్తున్నా కదా. ఊరందరికీ నువ్వు చేశావు. నీ మెడలో ఒక్కటీ లేదు."

"నాకు ఇరవై రెండేళ్ళలో కనపడలేదమ్మా," అన్నాడు నాన్న, తల ఎత్తకుండా. "దీనికి కనపడింది."

అక్క చెయ్యి తన కుడి భుజం మీదికి వెళ్ళింది. చెల్లి తల దించుకోవాలని తాను లెక్కపెట్టిన పది రోజులూ గుర్తొచ్చాయి. సిగ్గుతో ఏడుపు ముంచుకొచ్చింది.

"పొదిగేదెవరు?" అంది, ముక్కు తుడుచుకుంటూ.

"నేనే. వంకరగా వస్తే తిట్టకు."

"తిడతా," అంది అక్క. బెంచీ మీద జరిగి, పక్కన చోటిచ్చింది.