ఖాళీ వ్యానులో యాభై కిలోలు

నర్సాపూర్ అడవిలో ఆ కల్వర్టు దగ్గర ఏ డ్రైవరూ బండి ఆపడు. టైరు పంక్చరైనా రిమ్ము మీదే లాక్కుపోతారు తప్ప కిందికి దిగరు. ఇవన్నీ ఉత్త మాటలని నేనూ నవ్వేవాణ్ణే... మా చంద్రకాంత్ నోట ఈ సంగతి వినేదాకా.

చంద్రకాంత్ మెదక్‌లో ఒక పాల కంపెనీకి సూపర్‌వైజరు. పాల క్యాన్లతో వ్యాను హైదరాబాదు పోతుంది, రాత్రికి ఖాళీ క్యాన్లతో తిరిగొస్తుంది. డ్రైవరు గాలయ్య. క్లీనరు స్వామి ఉండేవాడు... తిరుగు ప్రయాణంలో వెనక క్యాన్ల మధ్య గోనెసంచి పరుచుకుని పడుకునేవాడు. ఎక్కగానే రేకు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. అవి వినపడ్డాకే గాలయ్య బండి కదిలించేవాడు.

సకల జనుల సమ్మె రోజుల్లో ఒక రాత్రి, ఆ కల్వర్టు మీద అడ్డంగా పెట్టిన రాళ్లు తీయడానికి స్వామి దిగాడు. వెనకనుంచి వచ్చిన లారీ అతన్ని చూసుకోలేదు.

మరుసటి ఏడాది కంపెనీ వ్యానుకు సెన్సర్లు బిగించింది. బండి ఎక్కడుంది, వెనక తలుపు ఎప్పుడు తెరుచుకుంది, లోపల బరువెంత — అన్నీ చంద్రకాంత్ ఫోనుకీ, హైదరాబాదు ఆఫీసుకీ మెసేజీలుగా వస్తాయి. పాలు పక్కదారి పట్టకుండా చూడ్డానికట. ఆ సంగతేమో గానీ, ఇంకోటి బయటపడింది.

రోజూ రాత్రి అవే మెసేజీలు. ఆ కల్వర్టు దగ్గర... తలుపు తెరుచుకుంది. బరువు యాభై కిలోలు పెరిగింది.

మెదక్‌లో స్వామివాళ్ల గల్లీ మొదట్లో... మళ్లీ తలుపు. బరువు దిగిపోయింది.

ఆఫీసువాళ్లకు దెయ్యాలు తెలియవు, కిరాయిలు తెలుసు. గాలయ్య దొంగచాటుగా ప్యాసింజర్లను ఎక్కించుకుంటున్నాడని తేల్చేశారు. రుజువు దొరికితే ఆ రోజే ఉద్యోగం పోతుందన్నారు. ఆ వయసులో అతనికి ఇంకో స్టీరింగు ఎవరిస్తారు?

"నా బిడ్డ మీద ఒట్టు సార్, ఒక్క మనిషిని ఎక్కించుకోలే" అన్నాడు గాలయ్య. "నమ్మకుంటే మీరే వచ్చి చూడుండ్రి."

చంద్రకాంత్ వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో గాలయ్య పక్కన కూర్చున్నాడు. అడవి మొదలైంది. కల్వర్టు వచ్చేసరికి గాలయ్య బండి బాగా నెమ్మది చేశాడు.

"ఎందుకు స్లో చేసినవ్?"

"అలవాటు సార్..." గాలయ్య గొంతు తగ్గించాడు. "ఆ రాత్రి గీడనే ఆపిన. దిగినోడు మళ్ల ఎక్కలే. స్పీడుగ పోబుద్ధి గాదు."

అప్పుడు వినపడ్డాయి — వెనక రేకు మీద రెండు దెబ్బలు.

గాలయ్య గేరు మార్చాడు. చంద్రకాంత్ చేతిలో ఫోను మోగింది. యాభై కిలోలు.

దిగి వెనక్కి చూడలేదట. వాడిని ఏమీ అనను, నేనైనా చూసేవాణ్ణి కాదు.

సెన్సరు చెడిపోయిందని తెల్లారి ఆఫీసుకు చెప్పాడు. టెక్నీషియన్ క్రిస్టోఫర్ వచ్చి, అన్నీ విప్పి చూసి, "మిషను మంచిగనే ఉన్నది సార్, తప్పు చెప్తలేదు" అని పోయాడు. గాలయ్య నౌకరి నిలబెట్టడానికి ఇక చంద్రకాంత్‌కు ఒక్కటే ఉపాయం తోచింది. హైదరాబాదు ఆఫీసునుంచి తప్ప తెరుచుకోని ఎలక్ట్రానిక్ తాళం వెనక తలుపుకు పెట్టించాడు.

ఆ రాత్రి వ్యాను కల్వర్టు దాటింది. తలుపు తెరుచుకోలేదు. బరువు పెరగలేదు. గల్లీ దగ్గరా ఏమీ లేదు. ఆఫీసువాళ్లు సంతోషించారు, గాలయ్య మీద పడ్డ నింద పోయింది. చాలా రోజుల తర్వాత చంద్రకాంత్ హాయిగా నిద్రపోయాడు.

పొద్దున్నే రెండు చాయ్‌లు పట్టుకుని వ్యాను దగ్గరికి పోయాడు. గాలయ్య బండి దిగి, దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక్క రాత్రిలోనే మొహం పీక్కుపోయింది.

"ఇగ నీ నౌకరికి ఢోకా లేదు గాలన్నా."

గాలయ్య చాయ్ అందుకున్నాడు గానీ తాగలేదు.

"వెనక తాళమేసిండ్రు గద సార్..." అన్నాడు, వ్యానువైపు చూడకుండానే. "ఇప్పుడు ముందల, నా పక్కనే కూసుంటుండు."