రసానికి మాత్రమే

మా నొగాలెస్ వానకి మర్యాద తెలీదు. నెలల తరబడి మొహం చాటేసి, వచ్చిన రోజు మాత్రం రోడ్డు మీద వాళ్ళందర్నీ ఏదో ఒక గుమ్మంలోకి నెట్టేస్తుంది. ఆ జూన్ నెలాఖరు వాన మా ఆఫీసులోకి నెట్టినవాడి పేరు ఫౌస్తో. టోపీ అంచు నుంచి నీళ్ళు ధారకట్టాయి. బూట్లు నేను పొద్దున తుడిచిన నేలంతా పాడుచేశాయి.

మెక్సికో నుంచి సరిహద్దు దాటి అమెరికాలోకి వచ్చే పళ్ళకీ కూరలకీ కాగితాలు చూసే చిన్న ఆఫీసు మాది. కిటికీ పక్క బల్ల నాది, తలుపు పక్క బల్ల నెరెయిదాది. అందుకని వచ్చినవాడు ముందు దాని మీద పడ్డాడు. నా మీద పడినా లాభం లేదనుకోండి, నాకు ముగ్గురు పిల్లలు.

"మా లారీని గేటు దగ్గర ఆపేశారు! ద్రాక్షంతా ఎండలో ఉడికిపోతోంది!"

"బయట వాన పడుతోంది సార్," అంది నెరెయిదా తలెత్తకుండా.

"అయితే వానలో ఉడికిపోతోంది!"

"కాగితం ఏదీ?"

"ఏం కాగితం మేడం? మాది సరిహద్దు అవతల కబోర్కా. ఈ ఏడు ఎండదెబ్బకి గుత్తులన్నీ చిన్నవైపోయాయి. తినే ద్రాక్షకి సైజూ రంగూ చూసే రూలుందిగా, దాని ముందు మాది నిలబడదు. అందుకే జ్యూస్ ఫ్యాక్టరీకి పంపుతున్నాం. జ్యూస్‌కి పోయేదానికి ఆ రూలు లేదంట కదా, మినహాయింపంట! రూలే లేనప్పుడు కాగితం దేనికి?"

నెరెయిదా అప్పుడు తలెత్తింది. నేను కాఫీ పక్కన పెట్టేసి సర్దుక్కూర్చున్నాను. ఈ ప్రశ్న అడిగినవాళ్ళ గతి ఏమవుతుందో నాకు తెలుసు.

"రూలున్న ద్రాక్షకి ఏముంది సార్? వచ్చి చూస్తారు, ముద్రేస్తారు, పోతారు. రూలు లేనిదానికే అసలు కాగితం. ఇది రసానికే పోతుందని మీరు రాసివ్వాలి. నిజంగానే పిండుతామని ఫ్యాక్టరీవాళ్ళు రాసివ్వాలి. అదీ లారీ రాకముందే. ఆ తర్వాత ఒక్క గుత్తి బజారుకి పోకూడదు, ఎవరి నోట్లోకీ పోకూడదు."

"మా నాన్న నోట్లోకి?"

"గేటుకి అవతల ఎంతైనా తినమనండి. ఇవతలికొచ్చాక అది ద్రాక్ష కాదు, రసం."

ఫౌస్తో బల్ల మీదికి వంగాడు. "ఈ రూలు రాసినవాడికి పెళ్ళయిందా మేడం?"

"కూర్చోండి. పేరు చెప్పండి," అంది నెరెయిదా. పెదవి చివర నవ్వు రాబోతే కొరికి ఆపుకుంది. నేను చూశాను. నాకు కిటికీలోంచి వాన కూడా కనిపిస్తోంది గానీ, దాన్నెవరు చూస్తారు?

ఆ తర్వాత లారీ వచ్చిన ప్రతిసారీ ఫౌస్తో వచ్చాడు. లారీ రానప్పుడు కూడా వచ్చాడు.

"ఇదంతా కంప్యూటర్లో మీ ఊరి నుంచే పంపొచ్చు," అందొకరోజు నెరెయిదా.

"మా ఊళ్ళో సిగ్నల్ ఉండదు మేడం."

అంతలో వాడి జేబులో ఫోన్ గణగణ మోగింది. వాళ్ళ నాన్న, ఊరి నుంచే. పాపం, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక టోపీలో పెట్టుకున్నాడు.

వెళ్ళేముందు మాటవరసకి అన్నట్టు అడిగాడు. "రోజూ మీకు మధ్యాహ్నం తిండి తెస్తారే, ఆ అమ్మమ్మగారికి ఏమిష్టం?"

"తియ్యగా ఉన్నదేదైనా. ఆవిడకి షుగరూ లేదు, భయమూ లేదు."

మర్నాడు మధ్యాహ్నం ఫ్యాక్టరీ నుంచి ఫోన్. ఫౌస్తో అప్పుడు బల్ల దగ్గరే ఉన్నాడు. నిన్నటి లారీలో ఒక పెట్టె తక్కువొచ్చిందట. నెరెయిదా మొహం మాడిపోయింది. పెట్టె ఎటు పోయి ఉంటుందా అని అది తల పట్టుకుని ఉండగానే, దాని అమ్మమ్మ దోన్యా చోలె మధ్యాహ్నం తిండి పట్టుకుని దిగింది. చేతిలో రొట్టెల మూట, దాని మీద గిన్నె, గిన్నె నిండా చిన్న చిన్న ద్రాక్షపళ్ళు.

"ఎంత మంచి కుర్రాడే! నిన్న సాయంత్రం పెట్టె భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. మీ మనవరాలితో మాట్లాడొచ్చా అని నన్నడిగాడు. ఈ రోజుల్లో ఎవరడుగుతున్నారు? మా ఆయన కూడా అడగలేదు," అంటూ ఇంకో పండు నోట్లో వేసుకుంది.

"అమ్మమ్మా, మింగకు!" అని నెరెయిదా కుర్చీలోంచి లేచింది.

దోన్యా చోలె మింగేసింది.

నెరెయిదా ఫౌస్తో వైపు తిరిగింది. "ఒక్క గుత్తి కూడా ఎవరి నోట్లోకీ పోకూడదని చెప్పానా లేదా?"

"ఒక్క పెట్టేగా! మా తోటదేగా! తోట ఉన్నవాడు ఒక ఇంటికి పిల్లనడగడానికి పోతూ ఉత్త చేతుల్తో ఎలా పోతాడు?"

"ఇది బయటపడితే మీ మినహాయింపు తీసిపారేస్తారు! ఇంకా సగం పంట తీగల మీదే ఉంది కదా, దాన్నేం చేస్తావ్? కాకులకి పెడతావా? మీ నాన్నకి ఏం చెప్తావ్?"

తిట్లలో 'మీరు' ఎక్కడో జారిపోయింది. వాళ్ళిద్దరూ గమనించే స్థితిలో లేరు. నేనూ దోన్యా చోలె మాత్రం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఫౌస్తో రంగు మారిపోయింది. "మా నాన్న ఈ ఏడు ఆ రసాన్నే నమ్ముకున్నాడు," అన్నాడు మెల్లగా. "పెట్టె వెనక్కి తెచ్చి ఫ్యాక్టరీలో ఇచ్చేస్తే?"

"మరి తిన్నది?"

"అది నేను తేలేను," అంది దోన్యా చోలె.

ఫ్యాక్టరీ అతను ఇంకా లైన్లోనే ఉన్నాడు. మంచివాడు, జాలిపడ్డాడు. దారిలో పెట్టె పడిపోయిందని రాసేసుకోండమ్మా, ఎవరడుగుతారు అన్నాడు. నెరెయిదా చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. ఆ అమ్మాయి ఈ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్క అబద్ధం రాయలేదు. ఆ క్షణంలో మాత్రం రాసేదే. వాడి కోసం రాసేదే.

ఫౌస్తో చెయ్యి అడ్డుపెట్టాడు. "వద్దు. పోతే మా పంట పోనీ. నీ చేత అబద్ధం రాయించను. పద, నేనే చెప్తా."

గంటలో అందరం పళ్ళు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ గదిలో ఉన్నాం. అందరం అంటే దోన్యా చోలె కూడా. తిన్నది నేనైతే దొంగ వాడెలా అవుతాడని ఆవిడ వాదన. ఆవిడకి చెయ్యి పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి కదా, అందుకని నేను. దారిలో ఇంటి నుంచి తెచ్చిన పెట్టె బల్ల మీద పెట్టాం.

ఇన్‌స్పెక్టర్ హాల్వర్సన్ ఉత్తరాదినుంచి కొత్తగా వచ్చిన మనిషి. మొహం ఇస్త్రీ చేసినట్టుంటుంది. స్పానిష్ ముక్క రాదు. ఫౌస్తోకి ఇంగ్లీషులో థాంక్యూ ఒక్కటే వచ్చు. మధ్యలో నెరెయిదా నిలబడి అటుది ఇటు, ఇటుది అటు చెప్పాలి.

"మిగతా పళ్ళు ఏమయ్యాయి?" అన్నాడాయన.

నెరెయిదా అడిగేలోపే దోన్యా చోలె అందుకుంది. "రసం తియ్యాలన్నారట, తీశాను. నా పళ్ళతోనే తీశాను. ఇంకా గట్టిగానే ఉన్నాయి, చూపించమంటే చూపిస్తా."

నెరెయిదా అది కూడా ఇంగ్లీషులో చెప్పింది, చచ్చినట్టు. హాల్వర్సన్ మీసం ఒకసారి కదిలింది.

"పెట్టె ఎందుకు తీశాడో అడుగు. అమ్ముకోవడానికా?"

"అమ్ముకోవడానికా అని అడుగుతున్నారు."

ఫౌస్తో టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ని చూడలేదు, దాన్నే చూశాడు. "ఆ వాన రోజు నుంచి నాకు నిద్ర లేదని చెప్పు. ఒకమ్మాయి కాగితం ఏదీ అనడిగింది, ఆ రోజే నా పని అయిపోయిందని చెప్పు. ఆ అమ్మాయిని చేసుకోవాలని ఉంది, వాళ్ళ అమ్మమ్మని అడగడానికే పట్టుకెళ్ళానని చెప్పు. తప్పేనని కూడా చెప్పు. పెట్టె తియ్యడం తప్పు, మిగతాది కాదు."

నెరెయిదా చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమన్నాడు?" అన్నాడు హాల్వర్సన్.

"ఆయన... అమ్మడానికి కాదన్నారు సార్. ఒకమ్మాయిని పెళ్ళిచేసుకోవాలని..." మళ్ళీ మొదలెట్టి మొత్తం చెప్పింది, వానతో సహా. ఒక్క మాట మింగలేదు. అది దాని బుద్ధి.

"ఆ అమ్మాయి ఎవరు? పేరు కావాలి."

నెరెయిదా ఫౌస్తోని చూసింది. తర్వాత ఇన్‌స్పెక్టర్ని చూసింది.

"నేనే సార్."

"మరి ఆ అమ్మాయికి ఇష్టమేనా?" అన్నాడాయన. ఇది మాత్రం ఏ రూల్లోనూ లేని ప్రశ్న అని నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను.

"ఇష్టమే," అంది నెరెయిదా. ఆ మాట స్పానిష్‌లో వచ్చేసింది. ఎవరూ ఇటునుంచి అటు చెప్పలేదు, అక్కర్లేకపోయింది.

హాల్వర్సన్ గొంతు సవరించుకున్నాడు. పట్టుబడకముందే వచ్చి చెప్పారు కాబట్టి ఈసారికి హెచ్చరికే అన్నాడు. పెట్టెలో మిగిలినవి ఈ పూటే ఫ్యాక్టరీకి పోవాలి. మిగతా లారీలు రావచ్చు. ఇంకొక్క గుత్తి తప్పిపోయిందో, మినహాయింపు ఉండదు.

వరండాలోకి రాగానే ఫౌస్తో కళ్ళు తుడుచుకున్నాడు. నెరెయిదా వాడి టోపీ లాక్కుని దాంతోనే ఒక్కటిచ్చింది. "ఇంకోసారి నాకు చెప్పకుండా ఏమైనా చేశావంటే చంపేస్తా," అంది. తర్వాత ఆ టోపీ తనే పెట్టుకుంది.

ఆ ఆదివారం ఫౌస్తో వాళ్ళ నాన్నని వెంటబెట్టుకుని దోన్యా చోలె ఇంటికి వచ్చాడు. ఈసారి చేతిలో సూపర్‌మార్కెట్ సంచి. అందులో ఇంతింత లావు కాలిఫోర్నియా ద్రాక్ష, పైన కొన్న రసీదు. దోన్యా చోలె కళ్ళజోడు పెట్టుకుని ముందు రసీదు చదివింది. ఆ తర్వాత ఒక పండు నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది.

"పండు చప్పగా ఉంది," అంది చివరికి. "కాగితం బాగుంది. పిల్లనిస్తాను."